రిమార్కుల గడి

ముప్ఫై మూడేళ్ళ పాటు నేను జనానికి ఏం తినాలో చెప్పాను. చెప్పినట్టు తిన్నవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. తెలుసని గట్టిగా నమ్మిన రోజుల్లోనే నా ఉద్యోగం మొత్తంలో పెద్ద తప్పు చేశాను. డైటీషియన్లుగా చేరబోయే పిల్లల కోసం ఏమైనా రాసివ్వమని మా జూనియర్ అడిగినప్పుడు, ప్రోటీను లెక్కలు పక్కన పెట్టి ఆ తప్పు గురించే రాద్దామనుకున్నాను. లెక్కలు మీ పుస్తకాల్లో ఎలాగూ ఉన్నాయి.

నా పేరు పద్మ. మా నాన్న టెక్కలి దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో పని చేశారు. నేను ఇక్కడే, కంపెనీ సెక్టార్ క్వార్టర్లో పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. నేను పనిచేసిన ఆసుపత్రి పేరు చెప్పను. ఈ ఊళ్ళో ఆసుపత్రులకు కొదవ లేదు, ఏదో ఒకటి అనుకోండి. మా చీఫ్ సర్జన్‌కి బన్సల్ అని పేరు పెడుతున్నాను. అది ఆయన అసలు పేరు కాదు. ఇది చదివితే తన గురించేనని ఆయన ఎలాగూ పోల్చుకుంటారు. లోకంలో ప్రతి విషయమూ తన గురించేనని ఆయన నమ్మకం.

వంటింటి మేడమ్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను అందరూ వంటింటి మేడమ్ అనేవారు. ఎమ్మెస్సీ పట్టా గోడకు తగిలించుకున్నాను. దాని కింద నిలబడి వార్డుబాయ్‌లు పప్పులో ఉప్పు తక్కువైందని నాకు ఫిర్యాదు చేసేవారు.

సర్జన్ల దృష్టిలో తిండి అంటే ఆపరేషన్‌కి ముందు ఆపాల్సిన వస్తువు. పేగు క్యాన్సర్ రోగి మంచానికి 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అని బోర్డు కట్టేవారు. ఆపరేషన్ రేపంటారు. రేపు థియేటర్లో ఏసీ పనిచేయదు. ఎల్లుండి మత్తు డాక్టరు గారి మరదలి పెళ్ళి. బోర్డు మాత్రం ఒక్క పూట కూడా సెలవు పెట్టదు. అప్పటికే కండ కరిగి, నీరసపడి వచ్చిన మనిషి, మన వ్యవస్థ మీద గౌరవంతో మూడు రోజులు పస్తుండేవాడు. ఆపరేషన్ అయ్యాక మరో ముచ్చట. రోజూ రౌండ్లో చీఫ్ అడిగే ప్రశ్న ఒక్కటే: "గాలి పోయిందా?" పోలేదంటే పేగు ఇంకా కదల్లేదని, ఆ రోజు కూడా తిండి లేదు. చదువుకున్న పెద్దమనుషులు ఏడుగురు మంచం చుట్టూ నిలబడి ఆ గాలి కోసం ఎదురుచూడడం నేను ఎన్నేళ్ళో చూశాను.

ఇప్పుడు కాలం మారింది. ఆపరేషన్‌కి ముందు వారం రెండు వారాలు బలమైన తిండి పెట్టి, అయ్యాక త్వరగా నోటికి అందించాలని సర్జన్లే చెబుతున్నారు. బన్సల్ గారైతే అది తానే కనిపెట్టినట్టు చెబుతారు. పోనివ్వండి. పేగులో గడ్డ ఉన్న భాగం కోసేసి, రెండు కొసలనూ కలిపి కుట్టేది ఆయన. ఆ కుట్టు కింద కండ పట్టి అతుక్కోవాలంటే ఒంట్లో సరుకుండాలి. అది లేకపోతే అతుకు విడిపోతుంది, లోపలిదంతా కడుపులోకి కారుతుంది, మనిషి పోతాడు. మన ఉద్యోగం అంతా ఆ అతుకు కోసమే.

గౌరునాయుడు గారు

ఇది పదేళ్ళ కిందటి మాట. గౌరునాయుడు గారికి అప్పుడు అరవై ఆరేళ్ళు. బొబ్బిలి వైపు మనిషి. బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములో ముప్ఫై ఆరేళ్ళు చేసి రిటైరై, సుపేలాలో మార్కెట్టు వెనక ఇల్లు కట్టుకున్నారు. పెద్దపేగులో ఎడమ వైపు గడ్డ, దారి సగం మూసుకుపోయింది. తింటే కడుపు మెలిపెడుతుంది, అందుకని తినడం మానేశారు. మనిషి యాభై రెండు కిలోలకు దిగిపోయి మా దగ్గరకు వచ్చారు.

బన్సల్ గారు ఆయన చెయ్యి పట్టుకు చూసి, హిందీలో నాతో అన్నారు: "రెండు వారాలు టైమిస్తున్నాను. ఒళ్ళు చేస్తే పేగు కలిపి కుడతాను. ఈ ఒంటితో అయితే కుట్టను. పేగు పొట్ట మీదకు తెచ్చి మలానికి సంచీ కట్టేస్తాను."

గౌరునాయుడు గారికి హిందీ బాగా వచ్చు. చీఫ్ వెళ్ళాక నా వైపు తిరిగి, "అమ్మా, ఆ సంచీ నాకొద్దు. సచ్చిపోమంటే సచ్చిపోతాను గాని సంచీ కట్టుకోని సుపేలా బజార్లో తిరగలేను" అన్నారు.

"సంచీతో హాయిగా తిరుగుతున్నవాళ్ళు ఉన్నారు నాయుడు గారూ."

"ఉండనీ. ఆళ్ళు ఆళ్ళు. నాకొద్దు."

ఆయన భార్య సన్నెమ్మ గారు మంచం పక్కన స్టూలు మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డబ్బా మూత తీయలేదు. మీరు తిన్నారా అని మర్యాదకు అడిగాను.

"ఆయన తినకుండా నానెలగ తింటానమ్మా? పెళ్ళయినకాణ్ణుంచి అంతే. పొద్దుట షిఫ్టయితే మజ్జానం మూడు దాకా తినకుండా ఉండీదాన్ని. ఇప్పుడు మంచం మీదున్నాడని మారిపోద్దేటి?"

నేను నవ్వేసి, ఎంత పాతకాలపు మనిషో అనుకుంటూ బయటికొచ్చాను. పిల్లలూ, ఈ వాక్యం దగ్గర పెన్సిలుతో గీత గీసుకోండి. ఆవిడ ఆ రోజు చెప్పింది ముచ్చట కాదు, రోగ లక్షణం. నేను దాన్ని కేసు షీటులో రాయాల్సింది. ఇంటికెళ్ళి మా ఆయనకు కథగా చెప్పాను.

అందమైన చార్టు

ఆయనకు రోజుకు ఆరు గ్లాసుల ప్రోటీను పాలు రాశాను, గ్లాసుకు రెండొందల మిల్లీలీటర్లు. డబ్బా పొడి, వెనీలా వాసన. ఎన్నిసార్లు తాగారో రాయడానికి ఒక చార్టు చేశాను. టైము, ఏం తీసుకున్నారు, ఎంత, రిమార్కులు, నా సంతకం. నర్సులకు తీరిక ఉండదు కనక రోగి చేతనే రాయిద్దామన్నది నా సొంత ఆలోచన. దాని గురించి ఒక పేపరు రాసి రాయ్‌పూర్‌లో చదవాలని కూడా మనసులో ఉంది.

గౌరునాయుడు గారు చార్టు చూడగానే లేచి కూర్చున్నారు. "ఏటమ్మా, ఇది లాగ్‌షీటే కదా! ముప్పయ్యారేళ్ళు ఇదే రాసేను. ఇటివ్వు."

ఆ రాత చూడాలి మీరు. స్కేలు పెట్టి గీతలు, నీలం సిరా, ఒక్క కొట్టివేత లేదు. ఆరు గడుల్లోనూ రెండొందలు, రెండొందలు. రోజు చివర రిమార్కుల గడిలో మాత్రం చిన్న అక్షరాలతో తెలుగులో రెండు ముక్కలు రాసేవారు.

ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. నాకు అప్పటికి తెలుగు చదవడం రాదు. మాట్లాడతాను, తిడతాను, అమ్మవారి పాటలు పాడతాను. అక్షరం మాత్రం ముక్క రాదు. ఈ ఊళ్ళో పుట్టిన మా వయసు వాళ్ళలో నాలాంటివాళ్ళు వీధికి పదిమంది. కానీ తెలుగు రోగులకు నేను 'మనోళ్ల గుంట'ని, అంటే మనవాళ్ళ పిల్లని. ఆ హోదా పోగొట్టుకోవడం ఇష్టం లేక ఎవరైనా తెలుగు కాయితం ఇస్తే కళ్ళజోడు మర్చిపోయానని చెప్పేదాన్ని. పెళ్ళి శుభలేఖలు ఇంగ్లీషు వైపు తిప్పి చదివేదాన్ని. ఆ గడిలో గోవిందనామం లాంటిదేదో రాస్తున్నారని నాకు నేను చెప్పుకుని, దాని పక్కన రోజూ సంతకం పెట్టాను.

మరి తూకం చూడలేదా అని అడుగుతారు. ఆయన్ని చేర్చుకున్న మర్నాడే వార్డులో తూకం మిషన్ రిపేరుకు వెళ్ళింది. వ్యాగన్లకు వ్యాగన్లు ఇనుము తూచి పంపే ఊళ్ళో ఒక మనిషిని తూచే దిక్కు లేకపోయింది. నేను స్టోర్స్‌కు మూడు ఉత్తరాలు రాశాను. ఉత్తరం రాస్తే పని చేసినట్టే అనిపిస్తుంది, అందులో ఉన్న సుఖం మీకూ త్వరలోనే తెలుస్తుంది.

పదమూడో రోజు పొద్దున బన్సల్ గారు రౌండ్లో చార్టు చూశారు. చూసి, చుట్టూ ఉన్న జూనియర్ల ముందు పైకెత్తి పట్టుకున్నారు. "బహుత్ బఢియా! ఇదీ డాక్యుమెంటేషన్ అంటే. వంటింటి మేడమ్‌ని చూసి నేర్చుకోండి." ఎల్లుండికి ఆపరేషన్ పెట్టారు, పేగు కలిపి కుడతానని చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

పిల్లి

మా వార్డు ఆయా ఫూల్‌బాయి. ఉతై నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేది. ఆ మధ్యాహ్నం కారిడార్ తుడుస్తూ ఛత్తీస్‌గఢీలో నాతో ఒక మాటంది. తెలుగులో చెబితే ఇది: "దీదీ, మీ డబ్బా పాలు చాలా మంచివి. వార్డు వెనక పిల్లి ఎంత బలిసిందో చూశారా? ఈసారి అయిదు పిల్లల్ని పెట్టింది."

"పిల్లికి డబ్బా పాలు ఎవరు పోశారు?"

ఫూల్‌బాయి నన్ను జాలిగా చూసింది. గౌరునాయుడు గారి కిటికీ వైపు చీపురుతో చూపించింది.

"ముందే చెప్పలేదేం?"

"మీరే రోజూ వచ్చి సంతకం పెడుతున్నారు కదా దీదీ. మీకు తెలిసే జరుగుతోందనుకున్నాను."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా కిచెన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది. నా తాళం, నా స్టోరు, నా కాటా. నేను దాని పక్కన టేబుల్ మీద కూర్చునే తూకం మిషన్ కావాలని మూడు ఉత్తరాలూ రాశాను. గౌరునాయుడు గారిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి బస్తాల మధ్య కాటా మీద నిలబెట్టాను. ముల్లు నలభై తొమ్మిది దగ్గర ఆగింది. పన్నెండు రోజుల నా శ్రమ వల్ల ఆ ఆసుపత్రిలో ఒళ్ళు చేసింది ఒక్క పిల్లి.

ఇద్దరు చదువురానివాళ్ళం

ఆయన్ని తిరిగి గదికి తెచ్చి, చార్టు చేతికిచ్చాను. కోపం ఆయన మీదో నా మీదో తెలియడం లేదు.

"నాయుడు గారూ, ఈ గ్లాసులన్నీ మీరు తాగారా?"

"లేదమ్మా." అందులో ఏ జంకూ లేదు.

"మరి గడిగడికీ రెండొందలని ఎందుకు రాశారు?"

"అది నంబరు గడి కదమ్మా. నంబరు గడి ఖాళీగా ఉండకూడదు. ఖాళీగా ఉంటే సాబులు ఊరుకోరు. అసలు సంగతి రిమార్కులో రాసేను కదా."

ఆయన ఓపిగ్గా, కొత్తగా చేరిన అప్రెంటిస్‌కి చెప్పినట్టు చెప్పారు. "మా కంట్రోల్ రూములో అంతేనమ్మా. నంబర్లు ఇన్స్పెక్షనోళ్ళకి, రిమార్కు రిలీవరుకి. నలుగురం మనోళ్ళమే ఉండీవోళ్ళం. ఏ వాల్వు పట్టీసిందో, ఏ మీటరు అబద్ధం సెప్తందో తెలుగులో రాసీసి ఎల్లిపోయీవోళ్ళం. తర్వాత షిఫ్టోడు అది సదువుకోని జాగర్తపడీవోడు. ఒక్క ఏక్సిడెంటు అవ్వలేదు మా షిఫ్టుల్లో."

నేను చార్టు వైపు చూస్తూ నిలబడ్డాను. గుండ్రంగా, ముద్దుగా, వరసగా ఉన్నాయి అక్షరాలు. ఒక్కటీ నాతో మాట్లాడలేదు. ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు.

"నీకు సదవడం రాదేటమ్మా?"

రాదన్నట్టు తలూపాను. యాభై ఏళ్ళొచ్చాక, పట్టా గోడకు తగిలించుకున్నాక, అలా తలూపడం ఎంత కష్టమో చెప్పలేను.

"దానికేటి, ఇటివ్వు. నాను సదువుతాను." కళ్ళజోడు పెట్టుకుని మొదటి రోజు నుంచి చదవడం మొదలుపెట్టారు.

"సగం గ్లాసు తాగాను. కడుపు మెలిపెట్టింది. సన్నెమ్మ తినలేదు."

"పావు గ్లాసు. వాసన పడలేదు. అంతా తాగానని సన్నెమ్మకి చెప్పాను. సన్నెమ్మ రెండు రొట్టెలు తింది."

"తాగలేదు. పిల్లికి పోశాను. సన్నెమ్మ అన్నం తింది. పప్పు వేసుకుంది."

"తాగలేదు. నొప్పి లేదు. సన్నెమ్మ కడుపు నిండా తింది."

అలా ఒక్కొక్క రోజే చదువుకుంటూ వెళ్ళారు. నేను సంతకాలు పెట్టింది ఆయన చార్టు మీద కాదు, సన్నెమ్మ గారి చార్టు మీద. పన్నెండో రోజు గడి దగ్గర ఆయన ఆగారు. కళ్ళజోడు తీసి మడిచి, "అంతేనమ్మా, అయిపోయింది" అన్నారు.

అప్పుడు తలుపు దగ్గర డబ్బా కింద పడిన చప్పుడైంది. సన్నెమ్మ గారు ఎప్పటినుంచి అక్కడ నిలబడి వింటున్నారో మాకు తెలియదు. ఆవిడకు ఏ భాషలోనూ చదువు రాదు. నాకు రెండు భాషల్లో వచ్చి ఈ భాషలో రాదు. ఇద్దరం కలిసి పన్నెండు రోజులు ఆ కాయితం చుట్టూ తిరిగాం.

ఆవిడ నేల మీద చతికిలబడిపోయారు. "ఓలమ్మో! నన్ను మేపి నువ్వు ఎండిపోతన్నావేటి! నాను పప్పేసుకున్నది కూడా రాసేవా? పన్నెండు రోజులు తిన్న అన్నమంతా ఇప్పుడు గొంతుకాడికొచ్చీసిందిరా దేవుడా!"

"మరేటి సెయ్యమంటావు?" అన్నారాయన. "నాను తినలేను. నాను తినకపోతే నువ్వు తినవు. నువ్వు పడిపోతే ఆపరేషను అయ్యాక నన్ను లేపీదెవరే?"

"సంచీ వొద్దన్నావు కదా! తినకపోతే సంచీయే కట్టీస్తారంట కదా!"

నేను చార్టు తీసుకుని బయటికి నడిచాను.

చీఫ్ గది

చీఫ్ గది దాకా నడిచిన ఆ యాభై అడుగుల్లో నాకొచ్చిన ఆలోచన చెబుతాను. ఇలాంటిది మీకూ వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఎవరికీ తెలియదు కదా, అనుకున్నాను. ఆపరేషన్ ఎలాగూ పెట్టారు. చార్టు బంగారంలా ఉంది. అతుకు విడిపోయినా వయసని, క్యాన్సరని అంటారు. తిండి చార్టును తప్పుపట్టిన సర్జన్‌ని నేనింతవరకూ చూడలేదు. పైగా పొద్దున్నే కదా నన్ను చూసి నేర్చుకోమన్నారు. ఇది నాకు అరనిమిషం పాటు చాలా సబబుగా తోచింది. ఆ అరనిమిషానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తలుపు తోసుకుని వెళ్ళి అంతా చెప్పేశాను. బన్సల్ గారు విన్నారు.

"మీరు ఆ భాషవాళ్ళే కదా?"

"మాట్లాడతాను సర్. చదవలేను."

ఆయన కాసేపు బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పారు. "అయితే ఎల్లుండి పిల్లికి చేసేద్దాం. అది ఫిట్‌గా ఉంది." తర్వాత క్యాలెండర్ చూసి, పది రోజులు వాయిదా వేశారు. దారి పూర్తిగా మూసుకుపోతే ఆగలేను, ఆ రాత్రికి రాత్రే కోసి సంచీ కట్టాల్సి వస్తుందని చెప్పారు. నొప్పికి మందు మార్చారు, మలం మెత్తబడడానికి ఒక సిరప్ రాశారు. ఇవి పన్నెండు రోజుల కిందటే నేను అడిగి రాయించాల్సినవి. చీఫ్ మీద నాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయి. ఆ రోజు మీద మాత్రం ఒక్కటీ లేదు.

చింతపిక్కలు

మర్నాటి నుంచి పెత్తనం సన్నెమ్మ గారిది. ఇంటి నుంచి ఒక బిస్కట్ల డబ్బా, కొంగులో చింతపిక్కలు తెచ్చుకున్నారు. "ఈ కాయితాలొద్దు. గొంతు కదిలింది సూస్తే గాని పిక్క ఎయ్యను" అన్నారు.

"ఏం తాగగలరు నాయుడు గారూ?" అని నేను అప్పుడు అడిగాను. పన్నెండు రోజుల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఆ ఐస్‌క్రీం వాసన తప్ప ఏదైనా తాగుతానమ్మా. మిరియాల చారు తాగాలనుంది."

వాసన లేని ప్రోటీను పొడి కుమ్హారిలో ఒక మందుల దుకాణంలో దొరికితే తెప్పించాను. చారులో కలిపాం, గంజిలో కలిపాం, పలచటి మజ్జిగలో కలిపాం. రెండొందల గ్లాసు ఎత్తేసి, టీ తాగే చిన్న గ్లాసు పెట్టాం, గంటగంటకీ. మెత్తగా ఉడికించిన పెసరపప్పన్నం రెండు చెంచాలు. గుడ్డులో తెల్లసొన. నాలుగో రోజున ముల్లు తీసిన చేప ముక్క పులుసులో చిదిపి పెట్టమన్నాను. "జబ్బు మనిషికి సేపేటమ్మా, పథ్యం కదా!" అని సన్నెమ్మ గారు నోరు నొక్కుకున్నారు. ఆ పథ్యమే మన ఉద్యోగానికి సగం పని కల్పిస్తోందని చెప్పాను. ఆయన మాత్రం అప్పటికే గిన్నె తన వైపు లాక్కున్నారు.

షరతు ఒకటి నేను పెట్టాను. ఆయన ఒక గుక్క తాగితే ఆవిడ ఒక ముద్ద తినాలి, అదే మంచం మీద, అదే సమయంలో. ఎవరూ ఎవరి కోసం ఆగేది లేదు. మొదటిరోజు ఆవిడ సిగ్గుతో గోడ వైపు తిరిగి తిన్నారు. మూడో రోజుకి, "నమలడం ఆపీసేవేటి, నడు నడు" అని ఆయన మీద అరుస్తూ తిన్నారు.

రౌండ్లో బన్సల్ గారు చార్టు అడిగారు. బిస్కట్ల డబ్బా చేతికిచ్చాను. ఆయన మూత తీసి, పిక్కలు చూసి, జూనియర్ల వైపు చూసి, లెక్కపెట్టారు. రోజూ సాయంత్రం బియ్యం కాటా మీద నిలబెట్టాం. ముల్లు నాలుగు రోజులు కదల్లేదు. అయిదో రోజు కొంచెం కదిలింది. పదో రోజుకి యాభై ఒకటి దాటింది. చెయ్యి పట్టుకు చూసి, "తూకం ఇంకా తక్కువే, కానీ తిండి ఒంటపడుతోంది. కుడతాను" అన్నారు చీఫ్.

కుట్టారు. సంచీ లేదు. మర్నాడే చారునీళ్ళు చెంచాతో ఇచ్చాం. నాలుగో రోజు జ్వరం తగిలింది. ఆ రోజుల్లోనే అతుకు విడిపోయేది, అది నాకూ తెలుసు, చీఫ్‌కీ తెలుసు. ఆయన రోజుకు అయిదుసార్లు వచ్చి పొట్ట నొక్కి చూశారు. నేను స్టోర్‌లో బస్తాల మధ్య కూర్చుని, ఎనిమిదో తరగతి పిల్లలా దేవుడికి ఏవేవో మాటిచ్చాను. చివరికి అది సెలైన్ సూది పెట్టిన చోట వాపని తేలింది. ఆరో రోజున, "గాలి పోయిందా?" అని బన్సల్ గారు అడిగితే సన్నెమ్మ గారు నా చెవిలో, "ఈ డాకటరుకి ఇంకో మాటే రాదేటి?" అన్నారు. పదో రోజు ఇద్దరూ ఆటోలో సుపేలా వెళ్ళిపోయారు.

ఫ్రేము

డిశ్చార్జయిన మర్నాడు హౌస్‌కీపింగ్ వాళ్ళు పిక్కల డబ్బా చెత్తలో పారేశారు. ఫైల్లో మిగిలింది కాయితమే. ఏడాది తర్వాత ఆసుపత్రికి ర్యాంకు ఇవ్వడానికి బయటి నుంచి పెద్దలు వచ్చినప్పుడు, మంచి చార్టు ఒకటి చూపించమన్నారు. రికార్డుల గదిలో వెతికి ఎవరో గౌరునాయుడు గారిది తీశారు, మొదటి పన్నెండు రోజులది. పెద్దలు మురిసిపోయారు. అది అద్దం వేయించి, ఆదర్శ చార్టు అని రాసి, కారిడార్లో నా గది ముందే ఎత్తుగా తగిలించారు. ఇది అబద్ధం సర్, తీయించండి అని చీఫ్ దగ్గరకు పరుగెత్తాను.

"మేడమ్, గడి ఒక్కటైనా ఖాళీ ఉందా?" అన్నారాయన.

తొమ్మిదేళ్ళు అది అక్కడే ఉంది. శిక్షణకు వచ్చిన పిల్లలంతా దాన్ని చూసే నేర్చుకున్నారు. నేను తలెత్తి చూసేదాన్ని కాదు.

ఆ తొమ్మిదేళ్ళలో నేను చేసిన మంచి పని ఒకటుంది. ఆదివారాలు సుపేలా వెళ్ళి గౌరునాయుడు గారి దగ్గర తెలుగు నేర్చుకున్నాను. పాత లాగ్‌షీట్ల వెనకవైపు ఆయన దిద్దబెట్టేవారు. 'ఋ' రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. సన్నెమ్మ గారు పకపకా నవ్వి, తర్వాత తానూ పలక పట్టారు. ఆయన ఏడేళ్ళు బతికారు, క్యాన్సర్ మళ్ళీ రాలేదు. ఒక మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచేసి, కుర్చీలో కూర్చున్నవారు అలాగే గుండె ఆగి వెళ్ళిపోయారు. ఆ పూట సన్నెమ్మ గారు కూడా ఆయనతోపాటే తినేశారు. దానికి ఆవిడ బాధపడలేదు.

నా రిటైర్మెంటుకు శాలువా కప్పి, ఆ ఫ్రేమే జ్ఞాపికగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి బీరువా వెనక పెట్టాను. ఇది రాయడానికి కూర్చున్నాక, తేదీలు సరిచూసుకుందామని మొన్న బయటికి తీసి దుమ్ము తుడిచాను. మొదటిసారి నా అంతట నేను ఆ రిమార్కులు చదువుకున్నాను, వేలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం. సగం గ్లాసు. పావు గ్లాసు. పప్పు వేసుకుంది. ఆ రోజు ఆయన చదివినవే అన్నీ.

పన్నెండో రోజు గడిలో నాలుగు వాక్యాలున్నాయి. ఆ రోజు ఆయన కళ్ళజోడు తీసి మడిచేసింది ఇక్కడే.

"తాగలేదు. సన్నెమ్మ తింది. మేడమ్ రోజూ చూసి సంతకం పెడుతోంది. మనోళ్ల గుంటే, ఆమెకి అంతా తెలుసు."

దాని పక్కనే నా సంతకం ఉంది, ఇంగ్లీషులో.